ఆబ్జెక్టును ఫంక్షన్‌కు పంపితే నకలు వెళ్తుందా, అసలే వెళ్తుందా: తేల్చుకునే పద్ధతి

బెంగళూరులో జావా ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లే కొత్తవారికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: మెథడ్‌కు ఆబ్జెక్టును పంపితే అది విలువగా వెళ్తుందా, రిఫరెన్స్‌గా వెళ్తుందా? అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపుల నుంచి వచ్చి మారతహళ్లి పీజీల్లో ఉంటూ కోచింగ్ తీసుకునే మన పిల్లల్లో చాలామంది దీనికి "ఇంట్, ఫ్లోట్ లాంటివి విలువగా వెళ్తాయి, ఆబ్జెక్టులు రిఫరెన్స్‌గా వెళ్తాయి" అని చెబుతారు. జావా విషయంలో ఈ జవాబు తప్పు. జావాలో ప్రతిదీ విలువగానే వెళ్తుంది. ఆబ్జెక్టును పంపినప్పుడు అలా వెళ్లే విలువ ఒక రిఫరెన్స్, అంటే ఆ ఆబ్జెక్టు ఎక్కడుందో చెప్పే గుర్తు. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న తేడా ఇంటర్వ్యూలో ఒక మార్కుతో పోయేది అయితే ఇంత వివరంగా రాయవలసిన పని లేదు. పై తప్పు జవాబును నమ్మి రాసిన ప్రోగ్రామ్ చాలా సందర్భాల్లో సరిగ్గానే నడుస్తుంది, మిగిలిన సందర్భాల్లో ఎవరూ మార్చని లెక్క తనంతట తానే మారిపోయినట్టు కనిపిస్తుంది; అటువంటి తప్పును వెతకడానికి పట్టే సమయం ఆ ప్రోగ్రామ్ రాయడానికి పట్టిన సమయాన్ని మించిపోతుంది.

అందుకే భాషకు ఒక ముద్ర వేసి దాన్ని బట్టీ పట్టడం కంటే, ఏ భాష చేతికొచ్చినా రెండు చిన్న పరీక్షలతో దాని తీరు తెలుసుకోవడం, ఆ తర్వాత ఆ తీరుకు తగ్గట్టు ఫంక్షన్లు రాసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఉదాహరణల కోసం ఒక చిన్న ప్రోగ్రామ్‌ను ఊహించుకుందాం. మారతహళ్లిలో ఒక ఫ్లాట్‌ను నలుగురు పంచుకుంటున్నారు. నెల ఖర్చులను ఒక జాబితాగా పెట్టుకున్నారు. అందులో అద్దె 24000, బెస్కాం కరెంటు బిల్లు 1800, నీళ్ల ట్యాంకరు 900 రూపాయలు. ఈ జాబితాను తీసుకుని తలా ఎంత పడుతుందో లెక్కించే ఫంక్షన్ ఒకటి, కొత్త ఖర్చును చేర్చే ఫంక్షన్ ఒకటి ఉన్నాయి.

పేరు వేరు, ఆబ్జెక్టు వేరు

మొదట స్థిరపరచుకోవలసిన విషయం ఇది. జావా, పైథాన్, జావాస్క్రిప్ట్ వంటి భాషల్లో వేరియబుల్ అనేది ఆబ్జెక్టు కాదు. ఆబ్జెక్టు మెమరీలో ఎక్కడో ఒకచోట ఉంటుంది, వేరియబుల్‌లో అది ఎక్కడుందో చెప్పే రిఫరెన్స్ మాత్రమే ఉంటుంది. 64 బిట్ల యంత్రంపై మామూలు పాయింటర్ పరిమాణం 8 బైట్లు. జాబితాలో మూడు అంకెలున్నా, పది లక్షల అంకెలున్నా వేరియబుల్ మోసేది ఆ 8 బైట్లే. సీ++ లోనూ గో లోనూ పరిస్థితి వేరు. అక్కడ కొన్ని ఫీల్డులను ఒకటిగా కట్టే స్ట్రక్ట్ రకపు వేరియబుల్ అంటే ఆ స్ట్రక్టే, దానిలోని ఫీల్డులన్నీ ఆ వేరియబుల్‌కు కేటాయించిన చోటులోనే ఉంటాయి.

దీన్ని ఇంటి చిరునామా రాసిన చీటీతో పోల్చుకోవచ్చు. మీ దగ్గరున్న చీటీని చూసి నేను నా చీటీ మీద అదే చిరునామా రాసుకున్నాను. నేను ఆ ఇంటికి వెళ్లి తలుపుకు రంగు మారిస్తే, మీరు వెళ్లినప్పుడు మీకూ కొత్త రంగే కనిపిస్తుంది. నేను నా చీటీ మీది చిరునామా కొట్టేసి ఇంకో ఇంటి చిరునామా రాసుకుంటే మీ చీటీకి ఏమీ కాదు. ఫంక్షన్ లోపల జరిగే పనుల్లోనూ ఈ రెండు రకాలే ఉంటాయి. ఒకటి ఆబ్జెక్టు లోపలి సంగతిని మార్చడం, రెండోది పారామీటర్ పేరుకు వేరే ఆబ్జెక్టును అప్పగించడం. గందరగోళం అంతా ఈ రెంటినీ "మార్చడం" అనే ఒకే మాటతో చెప్పుకోవడం వల్ల వస్తోంది.

పిలిచేవారు పంపేదాన్ని ఆర్గ్యుమెంట్ అనీ, ఫంక్షన్ దాన్ని అందుకునే పేరును పారామీటర్ అనీ అంటారు. ఇక ముందు ఈ రెండు మాటలను ఈ అర్థాలతోనే వాడతాను.

రెండు పరీక్షలు

మొదటి పరీక్షలో, ఖర్చుల జాబితాను పారామీటర్‌గా అందుకుని అందులోని మొదటి అంకెను 25000 గా మార్చే ఫంక్షన్ రాయండి. పిలిచిన చోట, ఫంక్షన్ ముగిశాక అసలు జాబితాను ముద్రించండి. 25000 కనిపిస్తే ఆబ్జెక్టును ఇద్దరూ పంచుకుంటున్నారు. 24000 గానే ఉంటే ఫంక్షన్‌కు పూర్తి నకలు వెళ్లింది.

రెండో పరీక్షలో, అదే ఫంక్షన్ లోపల పారామీటర్‌కు పూర్తిగా కొత్త జాబితాను, ఉదాహరణకు ఒక్క సున్నా మాత్రమే ఉన్నదాన్ని, అప్పగించండి. పిలిచిన చోట వేరియబుల్ కూడా ఆ కొత్త జాబితాగా మారిపోతే, పారామీటర్ అనేది పిలిచినవారి వేరియబుల్‌కే మరో పేరు అన్నమాట. నిజమైన రిఫరెన్స్ ద్వారా పంపడం అంటే ఇదే. మారకపోతే పారామీటర్‌కు దాని సొంత పెట్టె ఉంది, అందులోకి విలువ మాత్రమే నకలు అయింది.

రెండు పరీక్షల్లోనూ పిలిచినవారికి మార్పు కనిపించకపోతే అది ఆబ్జెక్టునే విలువగా పంపడం. రెంటిలోనూ కనిపిస్తే రిఫరెన్స్ ద్వారా పంపడం. మొదటిదానిలో కనిపించి రెండోదానిలో కనిపించకపోతే అది మధ్యరకం; జావా, పైథాన్, జావాస్క్రిప్ట్ ఈ మూడూ ఈ కోవకే చెందుతాయి. ఈ మధ్యరకానికి పేరు లేక తికమక పడుతున్నామని చాలామంది అనుకుంటారు గాని, పేరు ఎప్పుడో ఉంది. 1970లలో ఎంఐటీలో బార్బరా లిస్కోవ్, ఆమె సహచరులు రూపొందించిన సీఎల్‌యూ అనే భాష ఈ పద్ధతిని పంచుకోవడం ద్వారా పిలవడం అనే అర్థం వచ్చే "కాల్ బై షేరింగ్" పేరుతో వర్ణించింది. లిస్కోవ్‌కు 2008 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది.

రెండో పరీక్షనే ఇంకో రూపంలో, రెండు వేరియబుళ్లను పరస్పరం మార్చే ఫంక్షన్ రాయగలమా అని అడుగుతారు. జావాలో రెండు ఆబ్జెక్టు వేరియబుళ్లను మెథడ్‌కు పంపి, బయట ఆ రెండు పేర్లూ తారుమారయ్యేలా రాయడం సాధ్యం కాదు. సీ++ లో పారామీటర్ రకం పక్కన ఆంపర్‌శాండ్ (&) గుర్తు పెడితే సాధ్యమే. ఇంటర్వ్యూలో మీ జవాబుకు ఆధారం అడిగితే ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తే చాలు, ఇక వాదించవలసింది ఏమీ ఉండదు.

పరీక్ష చేసేటప్పుడు ఒక జాగ్రత్త అత్యవసరం. మొదటి పరీక్షను లోపలి సంగతి మార్చడానికి వీలున్న ఆబ్జెక్టుతోనే చేయాలి. జావాలో స్ట్రింగ్‌తో, ఇంటీజర్ ఆబ్జెక్టుతో పరీక్షించి, బయట ఏమీ మారలేదు కాబట్టి ఇవి విలువగా వెళ్తాయని రాసుకునేవారు ఉన్నారు. స్ట్రింగ్ ఆబ్జెక్టు ఒకసారి తయారయ్యాక మారదు. దానికి ఇంకో మాట కలిపినప్పుడు కొత్త స్ట్రింగ్ పుట్టి, పారామీటర్ దానివైపు తిరుగుతుంది. అంటే తెలియకుండానే వారు చేసింది రెండో పరీక్ష. అదే పనిని స్ట్రింగ్‌బిల్డర్‌తో, దాని అపెండ్ మెథడ్‌ను పిలిచి చేస్తే బయట మార్పు కనిపిస్తుంది. స్ట్రింగ్‌కు ప్రత్యేక నియమం ఏదీ లేదు, రెండూ ఒకే పద్ధతిలో వెళ్లాయి. ఒకదానిలో మార్చడానికి వీలుంది, మరొకదానిలో లేదు, అంతే.

భాషల తీరు

ఫోర్ట్రాన్ తొలినాళ్ల నుంచీ ఆర్గ్యుమెంట్లను ప్రధానంగా చిరునామా ద్వారానే పంపేది. దానివల్ల కొన్ని పాత కంపైలర్లలో 2 అనే స్థిరాంకాన్ని పంపితే, సబ్‌రూటీన్ దాన్ని మార్చినప్పుడు ప్రోగ్రామ్‌లో ఆ తర్వాత 2 అని రాసిన ప్రతిచోటా వేరే అంకె వచ్చేది. ఆల్గోల్ 60 విలువ ద్వారా పిలవడాన్ని, పేరు ద్వారా పిలవడాన్ని (పారామీటర్‌ను వాడిన ప్రతిచోటా ఆర్గ్యుమెంట్‌ను మళ్లీ లెక్కించడం) రెంటినీ ఇచ్చింది. 1970ల మొదట్లో డెనిస్ రిచీ రూపొందించిన సీ భాషలో అన్నీ విలువగానే వెళ్తాయి. బయటి వేరియబుల్‌ను మార్చాలంటే దాని చిరునామాను మీరే పాయింటర్‌గా పంపాలి. ఒకే రకపు అంశాల వరుస అయిన అరే (array) ఒక్కటే ఇక్కడ కొత్తవారిని తికమక పెడుతుంది, ఎందుకంటే అరే పేరును ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే దాని మొదటి అంశపు చిరునామా వెళ్తుంది తప్ప అరే మొత్తం వెళ్లదు.

పీహెచ్‌పీ వాడేవారు వెర్షన్ చూసుకోవాలి అని ఒకప్పుడు చెప్పవలసి వచ్చేది. పీహెచ్‌పీ 4 లో ఆబ్జెక్టును పంపితే మొత్తం నకలు అయ్యేది. 2004లో వచ్చిన పీహెచ్‌పీ 5 నుంచి ఆబ్జెక్టును సూచించే హ్యాండిల్ మాత్రమే నకలవుతుంది. పాత విజువల్ బేసిక్ 6 లో ఏమీ రాయకపోతే రిఫరెన్స్ ద్వారా వెళ్లేది, డాట్‌నెట్ విజువల్ బేసిక్‌లో ఏమీ రాయకపోతే విలువగా వెళ్తుంది. పాత కోడును కొత్తదానికి మార్చే ప్రాజెక్టుల్లో పనిచేసేవారు ఈ ఒక్క తేడాను మరచిపోతే లెక్కలు నిశ్శబ్దంగా తప్పుతాయి.

సీ షార్ప్‌లో క్లాస్ అయితే రిఫరెన్స్ నకలు అవుతుంది, స్ట్రక్ట్ అయితే ఆబ్జెక్టే నకలు అవుతుంది. నిజమైన రిఫరెన్స్ కావాలంటే రెఫ్ అనే కీవర్డును ఫంక్షన్ నిర్వచనంలోనూ, పిలిచే చోటా కూడా రాయాలి. పిలిచే చోట కూడా రాయించడం నాకు ఎంతో నచ్చిన నిర్ణయం. కోడు చదివేవారికి ఫంక్షన్ లోపలికి వెళ్లి చూడకుండానే ఈ వేరియబుల్ మారవచ్చు అని తెలుస్తుంది. సీ++ లో ఆ సౌకర్యం లేదు; పిలిచే వాక్యాన్ని చూసి అది విలువగా వెళ్తోందో, రిఫరెన్స్‌గా వెళ్తోందో చెప్పలేము.

పైథాన్‌లో చేసి చూడండి

పైథాన్ 3 వేరియబుళ్లకు తెలుగు పేర్లు పెట్టుకోనిస్తుంది కాబట్టి, కింది వాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగా నడిపి చూడవచ్చు. పైథాన్‌లో ఆర్గ్యుమెంట్ పారామీటర్‌కు చేరడం, ఒక పేరును మరో పేరుకు అప్పగించడం ఒకే నియమం ప్రకారం జరుగుతాయి. అందువల్ల ఫంక్షన్ రాయకుండా, అప్పగింతలతోనే మొత్తం విషయాన్ని పరిశీలించవచ్చు.

ఖర్చులు = [24000, 1800, 900]
నావి = ఖర్చులు
నావి[0] = 25000

ఇప్పుడు ఖర్చులు అనే జాబితాలోనూ మొదటి అంకె 25000 అవుతుంది, ఎందుకంటే రెండు పేర్లకూ జాబితా ఒక్కటే. ఆ తర్వాత ఈ వాక్యం రాయండి.

నావి = నావి + [600]

కుడివైపు కూడిక కొత్త జాబితాను తయారుచేసింది, నావి అనే పేరు దానివైపు తిరిగింది, ఖర్చులు పాత జాబితానే పట్టుకుని ఉంది. ఇంతవరకు సులభమే. దీని బదులు ఇలా రాసి ఉంటే ఏమయ్యేది?

నావి += [600]

రెండు వాక్యాలూ ఒకటే అనిపిస్తాయి, కాని జాబితాల విషయంలో ప్లస్ ఈక్వల్ గుర్తు, అప్పటికే ఉన్న జాబితానే పొడిగిస్తుంది, కాబట్టి ఖర్చులు జాబితాలో కూడా 600 చేరుతుంది. అదే గుర్తును అంకెలతో గాని, మార్చడానికి వీల్లేని జాబితా లాంటి ట్యుపుల్‌తో గాని వాడితే కొత్త ఆబ్జెక్టు పుడుతుంది, పాత పేరుకు ఏమీ కాదు. అంటే ఫంక్షన్ లోపల ఒకే వాక్యం, వచ్చిన ఆర్గ్యుమెంట్ రకాన్ని బట్టి, పిలిచినవారి డేటాను మార్చవచ్చు లేదా మార్చకపోవచ్చు. పారామీటర్ మీద నేరుగా ప్లస్ ఈక్వల్ వాడడం మానుకొమ్మని నేను గట్టిగా చెబుతాను. జాబితాను పొడిగించడమే ఉద్దేశమైతే ఎక్స్‌టెండ్ మెథడ్‌ను పిలవండి, వద్దనుకుంటే కొత్త పేరుతో కొత్త జాబితా కట్టండి.

మరో ఉచ్చు సంవత్సరపు పట్టికను తయారుచేసేటప్పుడు ఎదురవుతుంది. నెలకు మూడు ఖర్చుల చొప్పున పన్నెండు నెలలకు సున్నాలు నింపాలని ఇలా రాస్తారు.

నెలలు = [[0] * 3] * 12
నెలలు[0][1] = 1800

జనవరి కరెంటు బిల్లు మాత్రమే నింపామనుకుంటే పన్నెండు నెలల్లోనూ 1800 కనిపిస్తుంది. లోపలి జాబితా తయారైనది ఒక్కసారే, బయటి జాబితాలో దాని రిఫరెన్సే పన్నెండు సార్లు చేరింది. లోపలి [0] * 3 లోనూ ఇలాగే జరిగింది గాని, సున్నా మారని ఆబ్జెక్టు కాబట్టి అక్కడ నష్టం లేదు. నెలకొక కొత్త జాబితా పుట్టాలంటే లూప్‌లో గాని, లిస్ట్ కాంప్రహెన్షన్‌తో గాని ప్రతిసారి లోపలి జాబితాను కొత్తగా కట్టాలి.

పారామీటర్‌కు ముందుగా ఇచ్చే డిఫాల్ట్ విలువగా ఖాళీ జాబితాను రాయడం కూడా ఇటువంటిదే. ఆ ఖాళీ జాబితా ఫంక్షన్‌ను నిర్వచించినప్పుడు ఒక్కసారే తయారవుతుంది, పిలిచిన ప్రతిసారి కాదు. మొదటి పిలుపులో చేర్చిన ఖర్చు రెండో పిలుపులో ముందే కూర్చుని ఉంటుంది. డిఫాల్ట్‌గా నన్ అనే విలువను పెట్టి, లోపల అది నన్ అయితే కొత్త జాబితాను కట్టుకోవడమే దీనికి అందరూ అంగీకరించిన పద్ధతి.

నకలు తీయాలి, కాని ఎంత లోతుగా?

పంచుకోవడం ఇష్టం లేనప్పుడు నకలు తీసి పంపుతాము. పైథాన్‌లో ఖర్చులు[:] అని రాస్తే జాబితా నకలు వస్తుంది. ఒకే వరుస అంకెలున్న జాబితాకు ఇది సరిపోతుంది. నెలలు[:] అని రాస్తే మాత్రం బయటి జాబితాకే నకలు వస్తుంది, లోపలి పన్నెండు జాబితాలూ అసలుకూ నకలుకూ ఉమ్మడిగానే ఉంటాయి. దీన్ని పైపై నకలు అంటారు. ఇంగ్లీషులో షాలో కాపీ అనే మాటే మన ఆఫీసుల్లో వాడుక. అన్ని అంతస్తులూ విడిపోవాలంటే డీప్ కాపీ కావాలి. పైథాన్‌లో కాపీ మాడ్యూల్‌లోని డీప్‌కాపీ ఫంక్షన్ ఆ పని చేస్తుంది, ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి చుట్టుతిరిగి సూచించుకుంటున్నా అంతులేని లూప్‌లో పడకుండా, ఇప్పటికే నకలు తీసినవాటిని గుర్తుపెట్టుకుంటుంది.

జావాస్క్రిప్ట్‌లో మూడు చుక్కల స్ప్రెడ్ రాత పైపై నకలే ఇస్తుంది. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ లైబ్రరీతో పనిచేసేవారు స్టేట్‌ను (పేజీ చూపే డేటాను) స్ప్రెడ్‌తో నకలు తీశాం కదా అని లోపలి ఆబ్జెక్టును నేరుగా మార్చడం చాలా చోట్ల కనిపిస్తుంది. బయటి ఆబ్జెక్టు కొత్తదే, లోపలిది పాతదే, కాబట్టి పాత స్టేట్ కూడా చెడిపోతుంది. పూర్తి నకలు కోసం జేసన్ అనే టెక్స్టు రూపంగా మార్చి మళ్లీ చదివించే పాత ఉపాయంలో తేదీలు స్ట్రింగులుగా మారిపోతాయి, అన్‌డిఫైన్డ్ విలువ ఉన్న ఫీల్డులు మాయమవుతాయి. ఇప్పటి బ్రౌజర్లలోనూ నోడ్‌లోనూ ఉన్న స్ట్రక్చర్డ్‌క్లోన్ ఫంక్షన్ తేదీలను తేదీలుగానే ఉంచుతుంది, అయితే ఆబ్జెక్టులో ఫంక్షన్లు ఉంటే తప్పు చూపి ఆగిపోతుంది.

జావాలో అరేలిస్ట్ కన్‌స్ట్రక్టర్‌కు పాత లిస్టును ఇస్తే పైపై నకలు వస్తుంది. లిస్టును మార్చకుండా కాపాడడానికి కలెక్షన్స్ క్లాస్‌లోని అన్‌మాడిఫయబుల్‌లిస్ట్ వాడేవారు ఒక సంగతి గమనించాలి. అది నకలు కాదు, అసలు లిస్టు మీద తెరిచిన కిటికీ మాత్రమే. అసలును ఎవరైనా మార్చితే అందులోనూ మార్పు కనిపిస్తుంది. జావా 10 నుంచి ఉన్న లిస్ట్ డాట్ కాపీఆఫ్ విడి లిస్టునే ఇస్తుంది, దాన్ని మార్చబోతే అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ వస్తుంది. లోపలి ఆబ్జెక్టులు మాత్రం అక్కడ కూడా ఉమ్మడివే.

ప్రతిచోటా డీప్ కాపీ తీస్తే నిశ్చింతగా ఉండవచ్చు కదా అనిపించవచ్చు. అలా చేయకండి. నాలుగు బైట్ల అంకెలు పది లక్షలుంటే ఒక్కో నకలుకూ దాదాపు 4 మెగాబైట్లు పడుతుంది, లూప్ లోపల అలా తీస్తే ప్రోగ్రామ్ నెమ్మదించడమే కాక, డేటాబేస్ కనెక్షన్ వంటి నకలు తీయకూడని ఆబ్జెక్టులూ అందులో చిక్కుకుంటాయి. నకలు తీయవలసింది సరిహద్దుల దగ్గర. బయటి నుంచి వచ్చిన జాబితాను మీ క్లాస్ తన ఫీల్డులో దాచుకునేటప్పుడు ఒకసారి, ఆ ఫీల్డును బయటికి ఇచ్చేటప్పుడు ఒకసారి నకలు తీస్తే చాలు. మధ్యలో మీ సొంత ఫంక్షన్లు పంచుకుంటే ప్రమాదం లేదు.

గో భాషలోని స్లైస్

బెంగళూరులో సర్వర్ల వైపు పనిచేసే తెలుగువారిలో జావా నుంచి గో కు మారినవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. గో లో అన్నీ విలువగానే వెళ్తాయి. స్ట్రక్ట్‌ను పంపితే స్ట్రక్ట్ మొత్తం నకలు అవుతుంది, పాయింటర్‌ను పంపితే పాయింటర్ నకలు అవుతుంది. స్లైస్ అనేది మూడు ఫీల్డుల చిన్న స్ట్రక్ట్ లాంటిది: వెనకున్న అరే వైపు పాయింటర్, పొడవు, సామర్థ్యం. స్లైస్‌ను పంపినప్పుడు ఈ మూడూ నకలవుతాయి, వెనకున్న అరే మాత్రం ఉమ్మడిది.

మన ఖర్చుల స్లైస్ పొడవు 3, సామర్థ్యం 4 అనుకుందాం. ఫంక్షన్ లోపల మొదటి అంకెను మార్చితే బయట కనిపిస్తుంది. అపెండ్‌తో 600 చేర్చితే, నాలుగో గది ఖాళీగా ఉంది కాబట్టి 600 అదే అరేలో పడుతుంది, కాని పొడవు 4 అయింది ఫంక్షన్ దగ్గరున్న నకలులోనే. పిలిచినవారి పొడవు 3 గానే ఉండడం వల్ల వారికి 600 కనిపించదు. ఆ తర్వాత పిలిచినవారు తమ స్లైస్‌కు 1200 చేర్చితే అది అదే నాలుగో గదిలో పడి, 600 ను చెరిపేస్తుంది. ఫంక్షన్ తన స్లైస్‌ను ఎక్కడైనా దాచుకుని ఉంటే, దానిలోనూ ఇప్పుడు 1200 ఉంటుంది. ఒకవేళ మొదట్లో సామర్థ్యం 3 మాత్రమే అయి ఉంటే, అపెండ్ కొత్త అరేను కేటాయించేది. అప్పటి నుంచి ఇద్దరి దారులూ వేరు, ఫంక్షన్ ఆ తర్వాత మొదటి అంకెను మార్చినా బయట తెలియదు.

కాబట్టి స్లైస్‌కు చేర్చే ఫంక్షన్ కొత్త స్లైస్‌ను తిరిగి ఇవ్వాలి, పిలిచినవారు దాన్ని అదే పేరుకు అప్పగించుకోవాలి. గో లోని అపెండ్ కూడా ఇదే పద్ధతిలో రూపొందింది. మ్యాప్ విషయంలో ఈ చిక్కు లేదు, ఫంక్షన్‌లో చేర్చిన అంశాలు బయట కనిపిస్తాయి.

సీ++ లో పారామీటర్‌ను ఎంచుకోవడం

సీ++ అన్ని మార్గాలనూ ఇస్తుంది కాబట్టి నిర్ణయం రాసేవారిదే. ఇంట్, డబుల్, పాయింటర్ వంటి చిన్నవాటిని విలువగా పంపండి. వెక్టర్, స్ట్రింగ్ వంటి పెద్దవాటిని ఫంక్షన్ కేవలం చదివితే కాన్‌స్ట్ రిఫరెన్స్‌గా, అంటే చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేని రిఫరెన్స్‌గా, అందుకోండి. నకలు ఖర్చు ఉండదు, పొరపాటున మార్చబోతే కంపైలర్ ఆపుతుంది. ఫంక్షన్ పనే మార్చడమైతే మామూలు రిఫరెన్స్ వాడండి. ఆబ్జెక్టు ఉండకపోవచ్చు అన్న సందర్భంలో పాయింటర్ వాడండి, ఎందుకంటే రిఫరెన్స్ ఎప్పుడూ ఒక ఆబ్జెక్టును సూచించాల్సిందే. ఫంక్షన్ తన దగ్గర నకలు దాచుకోబోతుంటే విలువగా అందుకుని, సీ++ 11 నుంచి ఉన్న మూవ్‌తో దాన్ని లోపలికి తరలించడం చక్కని మార్గం.

వారసత్వం ఉన్న క్లాసులను బేస్ క్లాస్ రకపు పారామీటర్‌లోకి విలువగా పంపకండి. డెరైవ్డ్ క్లాస్‌కు అదనంగా ఉన్న ఫీల్డులు తెగిపోయి, బేస్ భాగం మాత్రమే నకలవుతుంది. వర్చువల్ ఫంక్షన్లు కూడా బేస్‌వే నడుస్తాయి. ఫంక్షన్ లోపలి వేరియబుల్‌కు రిఫరెన్స్ తిరిగి ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు, ఫంక్షన్ ముగియగానే ఆ వేరియబుల్ ఉండదు.

ఫంక్షన్ పేరులోనే ఒప్పందం ఉండాలి

భాష ఏదైనా, ఒక ఫంక్షన్ అందుకున్న ఆబ్జెక్టును మార్చాలి లేదా కొత్తదాన్ని తిరిగి ఇవ్వాలి. రెండు పనులూ కలిపి చేయకూడదు. పైథాన్ గ్రంథాలయంలో దీనికి మంచి నమూనా ఉంది. జాబితాకు చెందిన సార్ట్ మెథడ్ ఆ జాబితానే క్రమంలో పెడుతుంది, తిరిగి ఏమీ ఇవ్వదు. సార్టెడ్ అనే ఫంక్షన్ అసలును ముట్టుకోకుండా కొత్త జాబితాను ఇస్తుంది. మన ఉదాహరణలో ఖర్చు_చేర్చు అనేది మార్చే ఫంక్షన్ అని పేరే చెబుతుంది, ఖర్చు_చేర్చిన_జాబితా అనేది కొత్తదాన్ని ఇస్తుందని చెబుతుంది. తలా ఎంత పడుతుందో లెక్కించే ఫంక్షన్ చదవడానికే ఉంది కాబట్టి, అది జాబితాను క్రమంలో పెట్టుకోవలసి వచ్చినా తన సొంత నకలు మీదే ఆ పని చేయాలి.

ఈ ఒప్పందాన్ని టెస్టుతో కాపాడుకోవచ్చు. ఫంక్షన్‌ను పిలవడానికి ముందు ఆర్గ్యుమెంట్‌కు డీప్ కాపీ తీసి పెట్టుకుని, పిలిచాక రెండూ సమానమేనా అని చూసే ఒక్క వాక్యం చేర్చండి. ఫలితం సరిగా ఉందా అని చూసే టెస్టులు అందరూ రాస్తారు, ఆర్గ్యుమెంట్ చెక్కుచెదరలేదా అని చూసే టెస్టు రాసేవారు అరుదు. ఆరు నెలల తర్వాత ఇంకొకరు ఆ ఫంక్షన్‌లో ప్లస్ ఈక్వల్ వాడినప్పుడు పట్టుకునేది ఆ రెండో టెస్టే.

ఎవరు మార్చారో పట్టుకోవడం

ఇంత జాగ్రత్త పడినా, ఏదో ఒక రోజు జాబితాలో అంకె అకారణంగా మారినట్టు కనిపిస్తుంది. అప్పుడు మొదట రెండు పేర్లు ఒకే ఆబ్జెక్టును సూచిస్తున్నాయేమో చూడండి. పైథాన్‌లో ఇజ్ అనే పోలిక, జావాలో రెండు సమాన గుర్తులు, జావాస్క్రిప్ట్‌లో మూడు సమాన గుర్తులు ఆబ్జెక్టుల విషయంలో గుర్తింపునే పోలుస్తాయి, లోపలి సంగతిని పోల్చవు. సీ, సీ++ లలో చిరునామాను ముద్రించి చూడవచ్చు. రెండూ ఒకే ఆబ్జెక్టని తేలితే, ఆ రెండు పేర్లూ ఎక్కడ కలిశాయో అప్పగింతలను, కన్‌స్ట్రక్టర్లను వెనక్కి చదువుతూ పోవాలి.

చదివి తెలుసుకోలేనంత పెద్ద ప్రోగ్రామ్ అయితే యంత్రాన్నే కాపలా పెట్టండి. సీ, సీ++ లకు వాడే జీడీబీ అనే డీబగ్గర్‌లో వాచ్ ఆదేశంతో ఒక మెమరీ చోటు మీద నిఘా పెడితే, దాన్ని ఎవరు మార్చినా ప్రోగ్రామ్ అక్కడే ఆగుతుంది. జావాకు ఇంటెలిజే వంటి ఎడిటర్లలో ఫీల్డు మీద వాచ్‌పాయింట్ పెట్టవచ్చు, కాని అది ఆ ఫీల్డుకు కొత్త రిఫరెన్స్ అప్పగించినప్పుడే మార్పుగా గుర్తిస్తుంది. లిస్టు లోపల అంశం చేరితే పట్టుకోదు. లిస్టు లోపలి మార్పును పట్టుకోవడానికి నాకు అన్నిటికంటే నమ్మకమైన ఉపాయం, అనుమానం ఉన్న లిస్టు స్థానంలో తాత్కాలికంగా లిస్ట్ డాట్ కాపీఆఫ్ ఇచ్చిన లిస్టును పెట్టి ప్రోగ్రామ్‌ను నడపడం. మార్చబోయిన మొదటి వాక్యం దగ్గరే ఎక్సెప్షన్ వచ్చి, ఏ ఫైలులో ఏ వరుసలో ఏ మెథడ్ ఆ పని చేయబోయిందో స్టాక్ ట్రేస్ చూపిస్తుంది.

జావాస్క్రిప్ట్‌లో ఇదే పనికి ఆబ్జెక్ట్ డాట్ ఫ్రీజ్ ఉంది. తప్పులను కఠినంగా పట్టే స్ట్రిక్ట్ మోడ్‌లో అయితే మార్చబోయిన చోట టైప్‌ఎర్రర్ వస్తుంది; స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే ఫీల్డుకు చేసిన అప్పగింత చప్పుడు లేకుండా విఫలమవుతుంది, మీరు వెతికేది దొరకదు. మాడ్యూల్‌గా రాసిన ఫైళ్లన్నీ స్ట్రిక్ట్ మోడ్‌లోనే నడుస్తాయి కాబట్టి కొత్త ప్రాజెక్టుల్లో దీని గురించి బెంగ అక్కర్లేదు, పాత స్క్రిప్టుల్లో మాత్రం ఫైలు మొదట్లో "use strict" అనే ఆదేశం ఉందో లేదో చూసుకోండి. ఫ్రీజ్ కూడా పై అంతస్తుకే పనిచేస్తుంది, అందుచేత నెలల పట్టిక వంటివాటికి లోపలి జాబితాలను కూడా ఒక్కొక్కటిగా ఫ్రీజ్ చేసి, అప్పుడు ప్రోగ్రామ్‌ను నడపాలి.